వింటేజ్ స్టైల్ అంటే ప్రాణం, మరి రోజూ ఆఫీసుకి దేని మీద వెళ్ళాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 1940ల నుంచి 60ల దాకా నాటి బట్టలు, బ్యాగులు, షూస్ అంటే మీకు ప్రాణం, రోజూ అలాగే తయారవుతారు, కానీ ఆఫీసుకి వెళ్ళేది మాత్రం ప్లాస్టిక్ ప్యానెళ్ళ స్కూటర్ మీద, రెండూ అస్సలు పొసగట్లేదని బాధ. పాత స్కూటరో పాత కారో కొనేసి రోజూ దాని మీదే వెళ్తే ఎలా ఉంటుంది, లేకపోతే సైకిలే నయమా అని. దూరం ఆరేడు కిలోమీటర్లు, మెకానిక్ పని రాదు, వానాకాలంలో కూడా వెళ్ళక తప్పదు.

సూటిగా చెప్పేస్తా. రోజువారీకి నిటారుగా కూర్చుని తొక్కే స్టీలు ఫ్రేము సైకిల్ తీసుకోండి, చూడ్డానికి పాతది, లోపల పార్టులు మాత్రం కొత్తవి. వాన గట్టిగా ఉన్న రోజు బస్సో రైలో ఎక్కేయండి. నిజమైన పాత బండి కావాలంటే కొనుక్కోండి, కానీ రెండో బండిగా. పొద్దున తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉండాల్సిన భారం దాని మీద పెట్టొద్దు. సైకిల్ అసలు కుదరదంటే పాత రూపంలో వచ్చే కొత్త స్కూటర్ చూడండి, లేదా ఇప్పుడున్న స్కూటర్నే కాస్త మార్చుకోవచ్చు, అదెలాగో కింద చెప్తా.

నేను చాలా ఏళ్ళుగా పాత సైకిళ్ళు, స్కూటర్లు బాగుచేస్తూ వాటి మీదే తిరుగుతున్నా, బట్టలు కూడా ఆ కాలం తరహావే వేస్తా, కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

అసలు విషయం బండి వయసులో లేదండీ, దాన్ని రోజూ చూసుకునేది ఎవరు అన్నదాంట్లో ఉంది. మిలాన్ నగరంలో 1928 నాటి ట్రాములు ఇప్పటికీ మామూలు ప్రయాణికుల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి, లోపల చెక్క బెంచీలు, గుండ్రటి దీపాలతో సహా. అదే రకం ట్రాములు కొన్ని శాన్ ఫ్రాన్సిస్కోలో కూడా నడుస్తున్నాయి. అంత పాతవి రోజూ ఎలా తిరుగుతున్నాయంటే వాటి వెనకాల ఒక డిపో ఉంది, పని తెలిసిన మెకానిక్‌లు ఉన్నారు, విడి భాగాలు చేసుకునే ఏర్పాటు ఉంది. మీ పాత స్కూటర్ వెనకాల మీరొక్కరే ఉంటారు, అదీ ఆఫీసు టైముకి ముందు. అందుకే ఎవరు అడిగినా నేను ముందు "ఏ బండి నచ్చింది" అని అడగను, "వారానికి ఎన్ని గంటలు దాని దగ్గర కూర్చోగలరు" అని అడుగుతా. ఒక గంట కూడా కష్టమే అంటే సమాధానం సైకిలే.

ఇంకో మాట. ఆ కాలం ఫొటోల్లో మెరిసే కార్ల పక్కన నిలబడ్డ వాళ్ళని చూసి మనం అదే ఆ కాలం అనుకుంటాం గానీ, అవే కోట్లు, అవే టోపీలు పెట్టుకున్న మామూలు జనంలో ఎక్కువమందికి కారు ఉండేది కాదు. నడిచేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు, ట్రామూ బస్సూ రైలూ ఎక్కేవాళ్ళు. చాలా బట్టలు కూడా అందుకు తగ్గట్టే పుట్టాయి. గాబర్డీన్ అనే గుడ్డని థామస్ బర్బెరీ 1879లో తెచ్చిందే వానలో గాలిలో బయట తిరిగేవాళ్ళ కోసం. ఊలు ట్వీడ్ కోటు సన్న తుంపరకి లోపలిదాకా తడవదు. అంటే మీరు బెల్టు బిగించిన గాబర్డీన్ కోటు వేసుకుని బస్సు స్టాపులో నిలబడితే అది మీ స్టైల్‌కి లోటేం కాదు, ఆ కోటు పుట్టిందే అందుకు.

ఇక సైకిల్ ఎందుకంటే

రూపం పెద్దగా మారకుండా ఇన్నేళ్ళు నిలిచిన బండి ఇదొక్కటే. జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవర్ సేఫ్టీ సైకిల్ తెచ్చాడు, దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రానికి చైను. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చింది. ఇవాళ మీరు కొత్తగా కొనే స్టీలు ఫ్రేము సైకిల్ కూడా నేరుగా ఆ వరసలోదే, దాన్ని నకలు అనలేం. కారులో అయితే పాత రూపం కావాలంటే పాత బ్రేకులు, పాత వైరింగు కూడా నెత్తిన పెట్టుకోవాలి, సైకిల్‌లో ఆ బాధ లేదు, పాత ఫ్రేములో కొత్త బ్రేకులు, కొత్త లైట్లు పెట్టుకున్నా చూసేవాళ్ళకి తేడా తెలీదు.

కొనేటప్పుడు నేను చూసేవి ఇవి. చైను మొత్తం మూసేసే చైన్ కవరు ఉండాలి, సగం కవరు చాలదు, లేత రంగు ప్యాంటు వేసేవాళ్ళకి ఇది తప్పనిసరి. వెనక చక్రానికి రెండు పక్కలా కోట్ గార్డు, అంటే బట్టలు స్పోకుల్లోకి పోకుండా ఆపేది. నా దగ్గరికి ఒకావిడ తన పాత సైకిల్ తెచ్చారు, వెడల్పాటి పొడుగు స్కర్టులే వేస్తారు, అంచు మాటిమాటికీ వెనక స్పోకుల్లోకి పోతోందని స్కర్టులే మానేద్దాం అనుకుంటున్నారు. వెనక మడ్‌గార్డు అంచుకి రెండు పక్కలా చిన్న చిన్న రంధ్రాలు వేసి, మైనం పట్టించిన గట్టి దారం ఒక్కో రంధ్రం నుంచి యాక్సిల్ దగ్గరున్న రింగుకి లాగి కట్టా, విసనకర్ర ఈనెల్లాగా వస్తుంది. వంద ఏళ్ళ కిందటి ఆడవాళ్ళ సైకిళ్ళకి ఇలాగే ఉండేది. స్కర్టు సమస్య పోయింది, పైగా ఇప్పుడు దారిలో అందరూ ముందు ఆ దారాల గురించే అడుగుతున్నారట ఆవిడని.

గేర్లు హబ్ లోపల, అంటే వెనక చక్రం నడిమధ్య డబ్బాలో, ఉండేవి తీసుకోండి. ఇంగ్లండు కంపెనీ స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్ 1900ల మొదట్లో వచ్చింది, ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. రెండో గేరు నేరుగా తిరుగుతుంది, మొదటిది దానికంటే పాతిక శాతం తేలిక, మూడోది ముప్పై మూడు శాతం బరువు. ఆరేడు కిలోమీటర్లకి, మరీ నిట్టనిలువు ఎక్కుళ్ళు లేకపోతే, ఈ మూడూ చాలు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు, బయట వేలాడే గ్రీజు పట్టిన పార్టులేం ఉండవు.

పాత హబ్ దొరికితే మాత్రం ఒక్క విషయం నేర్చుకోండి. కేబుల్ వదులైతే రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య ఏ గేరూ పట్టని చోటు ఒకటి వస్తుంది, లేచి నిలబడి గట్టిగా తొక్కుతున్నప్పుడు అది తగిలిందంటే పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగిపోయి మనిషి ముందుకి పడతాడు. సరిచూసుకోవడం తేలికే, కుడివైపు యాక్సిల్ నట్టుకి చిన్న కిటికీలాంటి రంధ్రం ఉంటుంది, గేరు రెండులో పెట్టి అందులోంచి చూడండి, లోపలి సన్న కడ్డీ చివర యాక్సిల్ చివరతో సమానంగా ఉండాలి. లోపలికో బయటికో ఉంటే కేబుల్ దగ్గరున్న చిన్న స్క్రూని కొంచెం కొంచెం తిప్పుతూ సరిచేయండి. ఏ పనిముట్టూ అక్కర్లేదు, వేళ్ళతోనే అవుతుంది, నెలకోసారి చూస్తే చాలు.

బ్రేకుల విషయంలో మాత్రం పాతదనం మీద మోజు పెట్టుకోవద్దు. పాత సైకిళ్ళ క్రోమ్ పూసిన స్టీలు రిమ్ములు చూడ్డానికి చాలా బాగుంటాయి కానీ తడిస్తే రబ్బరు బ్రేకు సరిగా పట్టదు, పొడిలో ఆగే దూరానికి ఎన్నో రెట్లు పోతుంది. మీరు వానలో కూడా వెళ్తానంటున్నారు కాబట్టి అల్యూమినియం రిమ్ములు గానీ, హబ్ లోపల ఉండే డ్రమ్ము బ్రేకులు గానీ వేయించుకోండి. డ్రమ్ము బ్రేకు వానకి తడవదు, పైగా చూడ్డానికి కూడా ఆ కాలందే అనిపిస్తుంది. లైటుకి టైరుకి రాసుకునే పాత సీసా డైనమో బదులు ముందు చక్రం హబ్‌లోనే డైనమో ఉండేది పెట్టించి, గుండ్రటి పాత డోములో ఎల్‌ఈడీ పెట్టే లైటు తీసుకోండి. పాత డైనమో 6 వోల్టులు 3 వాట్లు ఇచ్చేది, అంత కరెంటుతో పాత బల్బు పసుపుగా మిణుకుమనేది, అదే కరెంటుతో ఎల్‌ఈడీ రోడ్డంతా చూపిస్తుంది.

తోలు సీటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పాత స్టైల్ సైకిల్‌లో ముందు కళ్ళు పడేది దాని మీదే. మంచి తోలు సీటు మొదట గట్టిగా ఉంటుంది, కూర్చోగా కూర్చోగా మీ ఒంటికి తగ్గట్టు దిగుతుంది. తడిసిన తోలు మీద కూర్చుంటే సాగిపోతుంది, ఇక బాగుపడదు, కాబట్టి బండి బయట ఉంచితే ఒక షవర్ క్యాప్ తొడిగేయండి. కొత్త సీటు రంగు మొదటి వారాల్లో లేత ప్యాంటుకి అంటుతుంది, ఆ కొన్నాళ్ళు ముదురు రంగులే వేసుకోండి. ముందు కింద ఉండే బోల్టుని ఊరికే బిగించొద్దు, సీటు నిజంగా కుంగినప్పుడే కొంచెం తిప్పాలి.

పాత స్కూటర్ మాటేంటి

ప్రేమ విషయానికొస్తే నాది మీకంటే తక్కువేం కాదు. 1946లో వచ్చిన ఇటలీ స్కూటర్ వెస్పాని డిజైన్ చేసిన కొరాడీనో డాస్కానియో విమానాల ఇంజనీరు, ఆయనకి మోటర్ సైకిళ్ళంటే పడేది కాదు, మురికి, బట్టలకి చైను నూనె, పంక్చరైతే చక్రం విప్పడం నరకం. అందుకే ఇంజను కప్పేశాడు, చైను తీసేశాడు, కాళ్ళు ముందు పెట్టుకుని కూర్చునేలా చేశాడు, ముందు చక్రాన్ని విమానం చక్రంలాగా ఒకే పక్క చేయికి తగిలించాడు. అంటే మంచి బట్టలు వేసుకున్నవాళ్ళ కోసమే పుట్టిన బండి అది. మరుసటి ఏడాది 1947లో లాంబ్రెట్టా వచ్చింది. స్కూటర్ రూపం అంటే మనసులో ఇప్పటికీ మెదిలేది ఈ రెండే.

కానీ రోజువారీకి? పెట్రోల్లో ఆయిల్ కలుపుకోవాలి, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు శుభ్రం చేసుకోవాలి, 6 వోల్టుల లైటుతో రాత్రి ఏమీ కనపడదు, ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, సీళ్ళని తినేస్తుంది, నెల రోజులు కదపకుండా పెడితే కార్బొరేటర్లో తడి చేరుతుంది. ఇంకోటి ఎవరూ చెప్పరు: కార్బొరేటర్ పొంగితే వచ్చే పెట్రోలు వాసన, టూ స్ట్రోక్ పొగ వాసన ఊలు కోటుకి పట్టిందంటే వారం దాకా వదలదు. నా స్నేహితుడొకడు పాత లాంబ్రెట్టానే ఆఫీసుకి వాడేవాడు, పొద్దున్నే తెల్ల చొక్కా మీద వంగి ప్లగ్గు విప్పి తుడవడం, మళ్ళీ చేతులు కడుక్కోవడం, అప్పటికి ఉన్న ఉత్సాహమంతా అక్కడే ఆవిరయ్యేది. ఇప్పుడు ఆఫీసుకి కొత్త స్కూటరు, ఆదివారం పొద్దున లాంబ్రెట్టా. బండి మీద కోపం పోయింది, మళ్ళీ ముద్దు చేస్తున్నాడు.

పాత రూపంలో వచ్చే కొత్తవాటిలో చూడాల్సింది బాడీ. రేకు బాడీ ఉన్నవి ఇంకా కొన్ని వస్తున్నాయి, ఒక్క వేలితో కొట్టి చూస్తే తెలిసిపోతుంది. గుండ్రటి హెడ్‌లైటు, ఒకే రంగు, క్రోము కొంచెమే. మీగడ రంగు, లేత ఆకుపచ్చ, బూడిద నీలం, ముదురు ఎరుపు, ఈ నాలుగూ ఏ బట్టలతోనైనా నప్పుతాయి.

అసలు కొత్తది కొనకుండా ఇప్పుడున్న స్కూటర్నే మార్చుకోవడం మీకు అన్నిటికంటే చవక. కంపెనీ స్టిక్కర్లు అన్నీ తీసేయండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి ఒక మూల నుంచి నెమ్మదిగా లాగితే జిగురు మిగలకుండా వచ్చేస్తాయి, మిగిలినా కొంచెం కిరసనాయిలు గుడ్డతో పోతుంది. సీటు కవరు గోధుమ రంగులో పైపింగు పెట్టి కుట్టించండి, అద్దాలు గుండ్రటివి పెట్టించండి. ఈ మూడు పనులకే బండి గోల తగ్గి మీ బట్టలు కనపడ్డం మొదలవుతుంది. తోలు బెల్టుల్లాంటి స్టిక్కర్లు, రెట్రో అని రాసిన బొమ్మలు మాత్రం వద్దు.

కారు గురించి ఎక్కువ చెప్పను, ఆరేడు కిలోమీటర్లకి పాత కారు రోజూ తీయడం ఇంజనుకే మంచిది కాదు, సరిగా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది, లోపల తడి చేరి సైలెన్సరు తుప్పు పడుతుంది. ఎప్పటికైనా కొనాలనుకుంటే చాలా ఏళ్ళు తయారైన మోడల్ చూడండి, విడి భాగాలు దొరుకుతాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మెక్సికోలో 2003 దాకా తయారైంది, 1959లో మొదలైన మినీ 2000 దాకా వచ్చింది, 1948లో చూపించిన సిట్రోయెన్ టూ సీవీ 1990 దాకా. అంటే రూపం పాతదే గానీ బండి మరీ పాతది కానక్కర్లేదు. సీటు బెల్టు సంగతి కూడా చూసుకోండి, ఇప్పుడు మనం వాడే మూడు చోట్ల పట్టే బెల్టు వోల్వోలో నిల్స్ బోలిన్ 1959లో తెచ్చాడు, అంతకు ముందువాటిలో అది ఉండదు, తగిలించడానికి గట్టి చోటుందో లేదో మెకానిక్‌ని అడగాలి.

బట్టల వైపు నుంచి కొన్ని గట్టి మాటలు. అసలైన 1940ల రేయాన్ గౌన్లు బండి మీద వేసుకోవద్దు. రేయాన్ తడిస్తే దాని బలం చాలామటుకు పోతుంది, కుట్టు దగ్గర ఇట్టే చిరుగుతుంది, క్రేప్ రకమైతే ఒక్క వానకి ముడుచుకుని పొట్టిదైపోతుంది. ఎనభై ఏళ్ళు ఆగిన గుడ్డ ఒక్క సాయంత్రంలో పోతుందండీ. బండి రోజులకి నూలు, ఊలు, లేదా ఆ కటింగులో కొత్తగా కుట్టించినవి వాడండి.

పొడుగు స్కార్ఫు మెడలో వదిలేసి ఏ బండీ ఎక్కొద్దు. నాట్యకారిణి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో చనిపోయింది అలాగే, తెరిచిన కారులో కూర్చుంటే మెడలోని పొడుగు సిల్కు స్కార్ఫు వెనక చక్రంలో చుట్టుకుపోయింది. ఎంత అందమైన స్కార్ఫైనా చివరలు కోటు లోపలికి దోపి బొత్తాం పెట్టాలి, లేదా చిన్న చదరపు స్కార్ఫు కట్టుకోవాలి.

మడత పెట్టిన ప్యాంటు అంచు ఉంటే కుడికాలికి స్టీలు క్లిప్పు పెట్టండి. తోలు అడుగు షూస్ ఇనప పెడల్ మీద జారతాయి, రబ్బరు దిమ్మల పెడల్ వేయించండి, లేదా చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర అడుగున పల్చటి రబ్బరు అంటించుకోండి. తోలు బ్యాగు హ్యాండిల్‌కి వేలాడదీస్తే మలుపులో చక్రానికి తగులుతుంది, వెనక క్యారియర్ పక్కకి హుక్కులతో తగిలించాలి. ముందు వెదురు బుట్ట పెట్టుకుంటే లైటు దానికి ముందుకి జరపండి, లేకపోతే వెలుగంతా బుట్టకే పడుతుంది.

హెల్మెట్ విషయంలో నేను ఎవరి మాటా వినను. పాత కార్కు హెల్మెట్లు, పాత తోలు టోపీలు అలమరలో పెట్టుకోవడానికే, లోపలి పొర ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. స్కూటర్‌కి ఈసీఈ 22.06 గుర్తు ఉన్న, ఆ కాలం రూపంలో గుండ్రంగా వచ్చే హెల్మెట్లు దొరుకుతాయి, సైకిల్‌కి ఈఎన్ 1078 గుర్తు చూడండి, రెండూ యూరప్ భద్రతా ప్రమాణాల గుర్తులే. టోపీ బ్యాగులో పెట్టుకుని వెళ్ళి దిగాక పెట్టుకోండి, బెరే టోపీ మడిచినా పాడవదు కాబట్టి సైకిల్ వాళ్ళకి అదే హాయి.

చివరగా కొనే పద్ధతి. ముందు ఒక వారం ఎవరి దగ్గరైనా నిటారు సైకిల్ అడిగి తీసుకుని, మీరు రోజూ వేసుకునే బట్టల్లోనే, అదే టైములో, అదే దారిలో వెళ్ళి చూడండి, సెలవు రోజు ఖాళీ రోడ్డు మీద తొక్కితే ఏమీ తెలీదు. చెమట ఎంత పడుతోంది, ఆఫీసులో నీడన పెట్టే చోటుందా, ఎక్కుడు ఎక్కడ ఇబ్బంది పెడుతోంది, ఇవి రాసుకోండి. ఎక్కుడే సమస్యైతే బ్యాటరీ మోటారు ఉన్న పాత రూపం సైకిళ్ళు వస్తున్నాయి, బ్యాటరీ వెనక క్యారియర్ కింద దాగిపోతుంది.

పాత ఫ్రేము కొంటుంటే టైరు సైజు తప్పకుండా చదవండి, టైరు పక్కన అంకెల్లో ఉంటుంది. 622 అని ఉంటే టైర్లు ఎక్కడైనా దొరుకుతాయి, 590 కొంచెం వెతకాలి, 635 అయితే మీకు దగ్గర్లో దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే డబ్బులివ్వండి. ఒక చిన్న అయస్కాంతం, చుట్టూ పల్చటి గుడ్డ చుట్టి, జేబులో వేసుకెళ్ళండి, పాత స్కూటర్ చూసినప్పుడు కాళ్ళు పెట్టే పళ్ళెం మీద, అడుగు అంచుల మీద నెమ్మదిగా జరపండి, అయస్కాంతం పట్టుకోని చోట రేకు లేదని, పైన పుట్టీ పూసి రంగేశారని అర్థం. ఫ్రేము సైజు తేల్చుకోవడానికి మీ లోపలి కాలి పొడవు, దారిలో ఎక్కుళ్ళు ఎన్ని, బండి రాత్రిపూట లోపల ఉంటుందా బయటా, ఈ మూడూ చెప్పండి, ఏ సైజు, ఏ గేర్లు అన్నది కచ్చితంగా చెప్తా.